పదుగురి పుటగుర్తులు: బడిలో సోషల్ బుక్‌మార్కింగ్

పుస్తకము చదువుచు మధ్యలో ఆపవలసి వచ్చినపుడు ఆ పుటలో నెమలియీకనో, కాగితపు ముక్కనో ఉంచుట అందరికిని అలవాటు. మరల తెరచినపుడు ఆ గుర్తు దారి చూపును. ఇంటర్నెట్టులోని పుటలకును ఇట్టి గుర్తులు కలవు. బ్రౌజరులో నక్షత్రపు బొమ్మను నొక్కినంతనే తెరపైనున్న పుట చిరునామా ఒక జాబితాలో చేరును. దీనినే బుక్‌మార్కు అందురు.

ఈ ఏర్పాటులో ఒక లోపము కలదు. బ్రౌజరులోని గుర్తు పెట్టినవారికి మాత్రమే కనబడును. ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు కాంతి వక్రీభవనమును చక్కగా చూపు కదలిక బొమ్మలున్న పుటను గంటసేపు వెదకి సంపాదించెననుకొందము. పక్క తరగతిలో అదే పాఠము చెప్పు ఉపాధ్యాయిని ఆ సంగతి తెలియక మరియొక గంట వెదకును. మరుసటి సంవత్సరము మొదటి ఉపాధ్యాయునకు బదిలీ అగును. ఆయనతోపాటు ఆ జాబితాయు వెడలిపోవును. ఏండ్ల తరబడి చేసిన శ్రమలో ఆ పాఠశాలకు దక్కునది ఏమియు ఉండదు. ఒకరు పెట్టిన గుర్తు పదిమందికిని ఉపయోగపడునట్లు చేయు సాధనమే సోషల్ బుక్‌మార్కింగ్.

ఇది ఎట్లు పనిచేయును?

దీని నిర్మాణము చాల సులభము. గుర్తులను ఎవరి కంప్యూటరులో వారు దాచుకొనక, అందరును ఇంటర్నెట్టులోని ఒక ఉమ్మడి ఖజానాలో వేయుదురు. ఖజానాలోని ప్రతి పద్దులోను ముఖ్యముగా మూడు అంశములుండును: గుర్తు పెట్టిన వ్యక్తి, పుట చిరునామా, ఆ వ్యక్తి ఆ పుటకు తగిలించిన మాటలు. ఈ మాటలను ట్యాగులు అందురు. తెలుగులో గుర్తుమాటలు అనవచ్చును.

ఈ మూడింటిలో దేనిని పట్టుకొని లాగినను తక్కిన రెండును వెంట వచ్చును. ఒక వ్యక్తి పేరు నొక్కినచో అతడు దాచిన పుటలన్నియు కనబడును. ఒక పుటను నొక్కినచో దానిని ఎందరు దాచిరో, ఎవరెవరు ఏయే మాటలతో గుర్తించిరో తెలియును. ఒక గుర్తుమాటను నొక్కినచో ఆ మాటతో ఎవరు ఏమి దాచినను అన్నియు ఒకచోట చేరును. ‘కటకములు’ అను మాటను నొక్కిన ఉపాధ్యాయుడు తానెన్నడును చూడని వేరొక ఊరి ఉపాధ్యాయుడు ఏరి పెట్టిన పుటలను నిమిషములో చూడగలడు.

భావము పాతది, సాధనము క్రొత్తది

ఇట్టి ఊహ కంప్యూటర్లు ఇంటింటికి రాకమునుపే పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వపు శాస్త్రపరిశోధనలకు సారథ్యము వహించిన వానీవర్ బుష్ 1945 జులైలో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. అందులో ఆయన ‘మెమెక్స్’ అను బల్లవంటి యంత్రమును ఊహించెను. పుస్తకములు, ఉత్తరములు అన్నియు సూక్ష్మఫిల్ముపై అందులో ఉండును. చదువరి ఒక పత్రమునకును మరియొక పత్రమునకును ముడి వేయుచు ఒక బాట ఏర్పరచుకొనును. బుష్ ఇచ్చిన ఉదాహరణలో ఒకడు విల్లుల చరిత్రను గురించి అట్టి బాటను వేసికొని, మిత్రుడు అడిగినపుడు దానికి ప్రతి తీసి యిచ్చును. ఆ యంత్రము నిర్మింపబడలేదు. కాని ‘చదివినదానికంటె చదివిన దారి విలువైనది, దానిని ఇతరులకు ఇయ్యవచ్చును’ అను భావము నిలిచినది.

ఆ భావము 2003లో అమెరికాలో జాషువా షాక్టర్ ప్రారంభించిన ‘డెలీషియస్’ అను సేవతో బహుళప్రచారము పొందినది. మరుసటి సంవత్సరము థామస్ వాండర్ వాల్ జనులే స్వయముగా చేసికొను ఇట్టి వర్గీకరణకు ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టెను. జనవర్గీకరణ అని దాని భావము. ఆ 2004లోనే శాస్త్రజ్ఞులు పరిశోధనా వ్యాసములను గుర్తుపెట్టుకొనుటకై ఇంగ్లండులో ‘సైట్‌యులైక్’, నేచర్ ప్రచురణ సంస్థవారి ‘కనోటియా’ అను రెండు సేవలు వెలసినవి. 2006లో వచ్చిన ‘డీగో’ మరియొక అడుగు వేసినది. పుటను దాచుట మాత్రమే కాక, పుటలోని వాక్యములకు రంగు పూయుటకును, అంచున చీటీ అంటించి వ్యాఖ్య వ్రాయుటకును అది వీలు కల్పించినది. ఆ చీటీని తరగతిలోని అందరును చదివి బదులు వ్రాయవచ్చును.

అలమారకును గుర్తుమాటకును భేదము

గ్రంథాలయములో ఒక పుస్తకము ఒక అలమారలోనే ఉండగలదు. 1876లో అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణ జ్ఞానమునంతటిని పది తరగతులుగా, వానిని మరల పదేసి భాగములుగా విడదీసి ప్రతి పుస్తకమునకు ఒక స్థానమును నిర్ణయించినది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్. ఆర్. రంగనాథన్ ఒక పుస్తకమునకు అనేక ముఖములుండునని గమనించి, ఆ ముఖములను వేర్వేరుగా గుర్తించి కూర్చు కోలన్ వర్గీకరణమును 1933లో ప్రకటించెను. అయినను వర్గీకరణ చేయువాడు శిక్షణ పొందిన గ్రంథపాలకుడే.

గుర్తుమాటల పద్ధతిలో పుటకు అలమార లేదు. ఒకే పుటకు ఎన్ని మాటలైనను తగిలింపవచ్చును, ఎవరైనను తగిలింపవచ్చును. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడు నీటిని గురించిన ఒక పుటను తీసికొందము. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించు ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించినది. ఈ పుట ఏ అలమారకు చెందును? పటిక చర్య రసాయనశాస్త్రము. ఎముకలు వంగుట జీవశాస్త్రము. రాళ్లలోనుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగుట భూగర్భశాస్త్రము. గ్రామములకు మంచినీరు అందించుట సాంఘికశాస్త్రము. నలుగురు ఉపాధ్యాయులు నాలుగు మాటలు తగిలించినచో నాలుగు దారులును ఆ పుటకే చేరును.

మాటల చిక్కు

అయితే ఎవరికి తోచిన మాట వారు తగిలించినచో గందరగోళము కాదా? ఈ సందేహము సహేతుకమైనది. 1987లో జార్జి ఫర్నాస్, ఆయన సహచరులు ప్రకటించిన ఒక పరిశోధనలో ఒకే వస్తువునకు ఇద్దరు మనుష్యులు ఒకే పేరు ఎన్నుకొను సంభావ్యత 20 శాతమునకు తక్కువయని తేలినది. అనగా ఒకరు దాచిన పుటను మరియొకరు తనకు తోచిన మాటతో వెదకినచో అయిదు పర్యాయములలో నాలుగు పర్యాయములకు పైగా అది కనబడకపోవచ్చును.

తెలుగులో ఈ చిక్కు ఇంకను అధికము. ఒకే వాయువును ఒకరు ఆమ్లజని అని, మరియొకరు ప్రాణవాయువు అని, వేరొకరు ఆక్సిజన్ అని వ్రాయుదురు. మూడవదానిని ఇంగ్లీషు లిపిలో వ్రాయువారును కలరు. మనిషికి ఇవి ఒకటే. యంత్రమునకు ఇవి నాలుగు వేర్వేరు మాటలు. ఇందుకు విరుద్ధమైన చిక్కును కలదు. ‘కేంద్రకము’ అను మాట పరమాణువులోని కేంద్రకమునకును, జీవకణములోని కేంద్రకమునకును చెల్లును. ఆ మాటను నొక్కిన విద్యార్థికి యురేనియమును, ఉల్లిపొర కణమును కలిసి ప్రత్యక్షమగును. రెండు మాటల పేర్లతో మరియొక ఇబ్బంది. డెలీషియస్ వంటి సేవలలో ఖాళీ విడిచినంతనే ఒక గుర్తుమాట ముగిసినట్లు లెక్క. కావున ‘కిరణజన్య సంయోగక్రియ’ అని వ్రాసినచో అది ‘కిరణజన్య’, ‘సంయోగక్రియ’ అను రెండు ముక్కలుగా విరిగిపోవును.

గోళీల కుండ

ఇంత చిక్కున్నను జనవర్గీకరణ గందరగోళముగా మారకుండుట ఆశ్చర్యకరము. హ్యూలెట్-పాకార్డ్ సంస్థ పరిశోధనాలయములోని స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అను ఇరువురు డెలీషియస్‌లోని పద్దులను పరిశీలించి తమ ఫలితములను 2005, 2006 సంవత్సరములలో వెలువరించిరి. ఒక పుటను సుమారు 100 మంది దాచిన పిమ్మట దానికి తగిలిన గుర్తుమాటల పాళ్లు దాదాపు స్థిరపడుచున్నవని వారు కనుగొనిరి. తరువాత వందలకొలది జనులు వచ్చి చేరినను ఏ మాట ఎంత వంతు అన్నది పెద్దగా మారదు. ఎవరును ఆజ్ఞాపించకుండనే ఒక ఒప్పందము ఏర్పడుచున్నది.

దీనికి వారు చెప్పిన పోలిక గణితశాస్త్రములో ‘పోల్యా కుండ’ అని ప్రసిద్ధమైనది. ఒక కుండలో ఒక నల్ల గోళీ, ఒక తెల్ల గోళీ ఉన్నవనుకొందము. చూడకుండ ఒక గోళీని తీయవలెను. ఏ రంగు వచ్చినదో దానిని కుండలో తిరిగి వేసి, అదే రంగు గోళీని మరియొకదానిని చేర్చవలెను. ఇట్లే మరల మరల చేయవలెను. మొదట నల్లది వచ్చినచో కుండలో రెండు నల్లవి, ఒక తెల్లది ఉండును. ఇప్పుడు నల్లది వచ్చు అవకాశము సగము కాదు, మూడింట రెండు వంతులు. ఆరంభములో ఒక్క గోళీ ఇంత మార్పు తెచ్చును. కాని వంద పర్యాయములు తీసిన పిమ్మట కుండలో 102 గోళీలుండును. అప్పుడు క్రొత్తగా చేరు గోళీ పాళ్లను నూటికి ఒక వంతుకంటె ఎక్కువ కదల్చలేదు. కావున నిష్పత్తి నిలకడ చెందును.

గుర్తుమాటలలోను జరుగునది ఇదియే. క్రొత్తగా పుటను దాచువానికి అంతకుముందు ఇతరులు వాడిన మాటలు తెరపై కనబడును. అందులో తరచుగా వాడినదానిని అతడును నొక్కును. దానికి మరియొక గోళీ చేరినట్లయినది. దీనికితోడు ఒకే విద్య నేర్చినవారి మాటలు సహజముగనే కొంత కలియును.

ఈ కుండ ఉపాధ్యాయులకు రెండు పాఠములు చెప్పును. మొదటిది: కుండ ఏ నిష్పత్తిలో నిలుచునో ముందుగా చెప్పజాలము. ఒక కుండ నల్లవైపు మొగ్గును, మరియొకటి తెల్లవైపు మొగ్గును. మొగ్గును నిర్ణయించునవి తొలి గోళీలే. కావున మంచి గుర్తుమాటలు ముందుగా పడవలెను. రెండవది: నిలకడకు వందమంది కావలెను. నలువదిమంది గల తరగతిలో ఒక పుటను అందరును దాచినను వంద కారు. అందువలన లోకమంతయు పాల్గొను చోట తనంత తాను ఏర్పడు ఒప్పందము తరగతిగదిలో ఏర్పడునని ఆశింపరాదు. అక్కడ ఉపాధ్యాయుడు పూనుకొని మాటల పట్టికను నిర్ణయింపవలెను.

తరగతిగదిలో ఉపయోగించు విధము

పట్టిక పెద్దది కానక్కరలేదు. పాఠ్యపుస్తకములోని అధ్యాయమునకు ఒక మాట, తరగతికి ఒక మాట, పుట స్వభావమునకు ఒక మాట చాలును. ‘పదవతరగతి’, ‘వక్రీభవనము’, ‘వీడియో’ అను మూడింటితో ఒక పుట స్పష్టముగా గుర్తింపబడును. పారిభాషిక పదములు పాఠ్యపుస్తకములో ఎట్లున్నవో అట్లే వాడవలెను. రెండు మాటల పేర్లను అడ్డగీతతో కలుపవలెను. ‘అణు-కేంద్రకము’, ‘కణ-కేంద్రకము’ అని విడదీసినచో పైన చెప్పిన చిక్కు తొలగును. ఈ మూడింటికి తోడు విద్యార్థులు తమకు తోచిన మాటలు ఎన్నియైనను చేర్చుకొనవచ్చును. విద్యార్థి చేర్చిన మాట అతడు ఆ పుటను ఎట్లు అర్థము చేసికొనెనో చూపును. ఫ్లోరైడు పుటకు ‘దంతక్షయము’ అని తగిలించిన విద్యార్థి పండ్లపై మచ్చలకును, పుచ్చుపండ్లకును భేదము గుర్తింపలేదని ఉపాధ్యాయునకు వెంటనే తెలియును. పరీక్ష పెట్టకుండనే పొరపాటు పట్టుబడినది.

గుర్తుమాట మాత్రమే చాలదు. ప్రతి పుటకును రెండు వాక్యములు వ్రాయించుట మేలు: ఈ పుటలో ఏమున్నది? దీనిని ఎందుకు నమ్మవచ్చును? రెండవ ప్రశ్న ముఖ్యమైనది. ఆ పుటను వ్రాసినది పరిశోధన సంస్థయా, వస్తువు అమ్మజూచు కంపెనీయా, పేరులేని వ్యక్తియా, ఎప్పుడు వ్రాసిరి అని విద్యార్థి విచారింపక తప్పదు. నీటి వడపోత యంత్రములమ్ము కంపెనీ పుటను, నాగపూరు సంస్థ నివేదికను పక్కపక్కన ఉంచి ఏది ఎందులకు పనికివచ్చునో చర్చించిన తరగతి ఫ్లోరైడును గురించియే కాక సాక్ష్యమును గురించియు నేర్చుకొనును.

పుటపైననే వ్యాఖ్యలు వ్రాయుటకు డీగో వలెనే 2011లో ప్రారంభమైన ‘హైపోథెసిస్’ అను సాధనమును పెక్కు విద్యాసంస్థలు వాడినవి. ఇట్టి వ్యాఖ్యలు ఒక సాధనమునుండి మరియొకదానికి మార్చుకొనదగు రీతిలో ఉండవలెనని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2017 ఫిబ్రవరిలో ఒక ప్రమాణమును ఆమోదించినది.

బాలల విషయములో జాగ్రత్త

ఉమ్మడి ఖజానా అనగా బహిరంగమైన ఖజానా అని మరువరాదు. ఒక బాలుడు ఏ వ్యాధిని గురించి, ఏ మతమును గురించి, ఏ కష్టమును గురించి చదువుచున్నాడో అతడు దాచిన పుటల జాబితా చెప్పివేయును. అందుచేత తరగతి గుర్తులను బహిరంగముగా కాక మూసిన గుంపులో ఉంచవలెను. డీగో ఉపాధ్యాయుల కొరకు ప్రత్యేక ఖాతాలను ఏర్పరచినపుడు, విద్యార్థులకు ఈమెయిలు లేకుండనే ఉపాధ్యాయుడే ఖాతాలు తెరచునట్లును, వారితో ఉపాధ్యాయులు, సహాధ్యాయులు మాత్రమే సంభాషింపగలుగునట్లును కట్టుదిట్టము చేసినది. ఏ సాధనమును ఎన్నుకొన్నను ఈ రెండు గుణములు ఉన్నవో లేవో మొదట చూడవలెను. భారత పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారమును తీసికొనుటకు తల్లిదండ్రుల అంగీకారము కావలెనను నియమమును చేర్చినది. పలు పాఠశాలలకు అన్నిటికంటె సులువైన మార్గము ఒకటి కలదు: విద్యార్థులకు ఖాతాలే లేకుండ, తరగతికంతటికి ఒకే ఖాతా తెరచి ఉపాధ్యాయుని పర్యవేక్షణలో వాడుట.

ఖజానా మూతపడినచో?

అన్నిటికంటె గొప్ప అపాయము మరియొకటి. 2008 చివరికి డెలీషియస్ తనకు 53 లక్షల మంది సభ్యులు కలరనియు, 18 కోట్ల పుటల చిరునామాలు తనవద్ద ఉన్నవనియు ప్రకటించినది. దానిని యాహూ సంస్థ 2005లోనే కొనియుండెను. 2010 డిసెంబరులో యాహూ దానిని మూసివేయదలచినదని వార్త పొక్కగనే ఉపాధ్యాయులతోసహా వేలాదిమంది తమ గుర్తులను మరియొకచోటికి తరలించుటకు పరుగెత్తిరి. 2011లో అది చేతులు మారినది. బదిలీకి గడువులోగా సమ్మతి తెలుపనివారి గుర్తులు క్రొత్త చోటికి చేరలేదు. మరి రెండు మూడు చేతులు మారిన పిమ్మట 2017 జూనులో ‘పిన్‌బోర్డ్’ అను చిన్న పోటీ సేవ దానిని 35,000 డాలర్లకు కొని, క్రొత్త గుర్తులు చేర్చుటను నిలిపివేసినది. కనోటియా 2013లో, సైట్‌యులైక్ 2019లో, గూగుల్ బుక్‌మార్క్స్ 2021లో, మొజిల్లా వారి ‘పాకెట్’ 2025లో మూతపడినవి.

ఖజానా నిలిచినను అందులోని చిరునామాలు నిలుచునను నమ్మకము లేదు. 2013లో ఉన్న వెబ్ పుటలలో 38 శాతము పదేండ్ల తరువాత అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రము 2024లో ప్రకటించినది. చిరునామా ఉన్నది, ఇల్లు లేదు.

ఈ రెండు నష్టములకును నివారణలు కలవు, ఖర్చు లేనివి. బ్రౌజర్లు, పెక్కు బుక్‌మార్కు సేవలు గుర్తులనన్నిటిని ఒకే ఫైలుగా దింపుకొనుటకు వీలు కల్పించును. పూర్వపు నెట్‌స్కేప్ బ్రౌజరునాటి రూపమునే నేటికిని అధికభాగము వాడుచున్నవి గనుక, ఒకచోట దింపిన ఫైలును మరియొకచోట ఎక్కింపవచ్చును. దింపుకొనుటకు వీలులేని సేవ ఎంత ఆకర్షణీయముగా ఉన్నను పాఠశాలకు పనికిరాదు. ఇక పుటలు మాయమగుటకు మందు: 1996లో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ 2001నుండి ‘వేబ్యాక్ మెషీన్’ పేరుతో పాత పుటల ప్రతులను అందరికిని ఉచితముగా చూపుచున్నది. ముఖ్యమైన పుట చిరునామాను అక్కడ సమర్పించినచో అది ఒక ప్రతిని తీసి భద్రపరచును. ఆ ప్రతి చిరునామాను గుర్తు పక్కన వ్రాసికొనవలెను.

సేవ ఏదియు దొరకనిచో నిరాశపడనక్కరలేదు. కంప్యూటరులోని పట్టికలో అయిదు గడులు గీసి చిరునామా, గుర్తుమాటలు, రెండు వాక్యములు, దాచిన తేదీ, భద్రపరచిన ప్రతి అని వ్రాసికొని ఉపాధ్యాయులందరును పంచుకొన్నచో సోషల్ బుక్‌మార్కింగ్ ప్రయోజనములో అధికభాగము చేకూరును. విలువ యంత్రములో లేదు. మంచిదానిని ఏరుటలోను, దానికి తగిన మాట పెట్టుటలోను ఉన్నది.

గ్రంథాలయమునకు పుస్తకముల లెక్క చూచు రోజు ఒకటి ఉన్నట్లే ఈ గుర్తులకును ఒక రోజును ఏర్పరచవలెను. నెలకొకసారి ఇద్దరు విద్యార్థులు కూర్చుండి లింకులను ఒక్కొక్కటిగా నొక్కి చూచి, తెరువనివానిని గుర్తించి, ఫైలును దింపి పాఠశాల కంప్యూటరులో తేదీ వేసి దాచవలెను. దీనికి గంటకంటె ఎక్కువ పట్టదు. అప్పుడు ఉపాధ్యాయునకు బదిలీ అయినను, కంపెనీ మూతపడినను, వచ్చే సంవత్సరపు తరగతికి ఆ దారి తెరచియే ఉండును.